వాయిదాకీ వడ్డీ ఉంది

"దినమూ బ్యాంకిలో నూరు మందిని చూస్తుండావు. అమ్మను చూస్తే మాత్రమేనా నాయనా, జబ్బు తగులుకునేది?"

2020 అక్టోబరులో ఒక ఆదివారం మా అమ్మ ఫోనులో అడిగిన ప్రశ్న ఇది. నేను కోయంబత్తూరులో బ్యాంకు అధికారిని. అమ్మ మదురైలో, పడమర మాసి వీధికి దగ్గర, మా తమ్ముడి ఇంట్లో ఉంటుంది. అప్పటికి ఆమెకు 78 ఏళ్లు, పైగా చక్కెర జబ్బు. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి తమిళనాడులో జిల్లాలు దాటడానికి ఈ-పాసు కూడా అక్కరలేదు. కారెక్కితే నాలుగైదు గంటల ప్రయాణం. అయినా నేను వెళ్లలేదు. "నీ మంచికేనమ్మా" అని చెప్పి ఫోను పెట్టేశాను.

కామర్సు చదువుకున్నవాణ్ణి, ఎన్నో ఏళ్లుగా ఇతరుల రిస్కును తూచి అప్పులిస్తున్నవాణ్ణి. అమ్మ ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు నాకు ఆలస్యంగా దొరికింది. మన కుటుంబాల్లో ఇంకెవరికైనా పనికొస్తుందేమోనని ఇక్కడ రాస్తున్నాను.

కౌంటరు దగ్గర

2020 మార్చి 25న దేశమంతా తలుపులు మూసుకున్నా బ్యాంకులు మూయలేదు. ఏప్రిల్లో జన్‌ధన్ ఖాతాలున్న మహిళలకు నెలకు 500 రూపాయల చొప్పున మూడు నెలల సాయం మొదలైంది. ఖాతా నంబరు చివరి అంకెను బట్టి రోజులు పంచినా, మా శాఖ ముందు పొద్దున్నే వరుస కట్టేవారు. ముగ్గు పిండితో వలయాలు గీసి నిలబెట్టేవాళ్లం.

అప్పట్లో మా భయమంతా నోట్ల మీదే. ఒక ఖాతాదారు నోట్లను ఇస్త్రీ చేసి మరీ తెచ్చాడు. మా క్యాషియరు నోటు నోటుకూ చేతులు తుడుచుకుని చర్మం పగలగొట్టుకున్నాడు. మధ్యాహ్నం మాత్రం ఆరుగురమూ కిటికీ లేని చిన్న గదిలో, మాస్కులు తీసి, కబుర్లాడుతూ క్యారియర్లు విప్పేవాళ్లం. ఈ జబ్బు ముఖ్యంగా ఊపిరి ద్వారా, గాలి ఆడని గదుల్లో వ్యాపిస్తుందని తర్వాత తెలిసింది. దొంగ వీధి వాకిట్లోంచి వస్తుంటే మేము పెరటి తలుపుకు తాళం వేసుకున్నామన్నమాట.

అంతకన్నా సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటుంది. మా శాఖ ఊడ్చి శుభ్రం చేసేందుకు కాంట్రాక్టు మీద ఒకావిడ వచ్చేది. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. కోయంబత్తూరు పారిశుధ్య కార్మికుల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. మన సంఘాల ఉగాది సభల్లో వారు అరుదుగా కనిపిస్తారుగాని, వారి తెలుగూ మన తెలుగులాగే తరాల నాటిది. బస్సులు లేని ఆ రోజుల్లో ఆమె నడిచి వచ్చేది. కౌంటర్లకు అద్దాలు, మాకు మాస్కులు తెప్పించే జాబితా తయారుచేసింది నేనే. అందులో ఆమెకు చేతి తొడుగులు రాయడం నాకు తోచలేదు. మూడో వారంలో, జనం పడేసిన మాస్కులను ఆమె ఉత్త చేతులతో ఏరుతుంటే చూశాను.

"భయం లేదామ్మా?" అని అడిగాను.

"భయపడి ఇంట్లో కూర్చుంటే కూడు ఎవురు పెడతారు సార్?" అంది.

ఆ సాయంత్రమే తొడుగులు తెప్పించాను. నేను అద్దం వెనక క్షేమంగా కూర్చోగలిగింది కొంతవరకు ఆమె నా వంతు రిస్కు కూడా మోస్తున్నందువల్లేనని అప్పుడు అర్థమైంది. హామీ సంతకం పెట్టినవాడికి చెప్పకుండా అప్పు వాడి ఖాతాలో రాయడం లాంటిదే ఇది.

అవ్వ చెప్పిన ప్లేగు

ఇది కొత్త సంగతేమీ కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో కోయంబత్తూరును ప్లేగు మళ్లీ మళ్లీ పట్టి పీడించింది. ఇంట్లో ఎలుక రాలిందంటే చాలు, ఇల్లు వదిలి ఊరి బయట పొలాల్లో పాకలు వేసుకుని ఉండేవారని మా అవ్వ చెప్పేది. ప్లేగు మారియమ్మన్ గుళ్లు ఈ ఊళ్లో ఇప్పటికీ ఉన్నాయి. 2021 మే నెలలో ఇరుగూరు కామాక్షీపురి అధీనంలో కరోనా దేవి విగ్రహం కూడా పెట్టారు. నవ్వేవాళ్లు నవ్వారుగాని, భయానికి ఒక రూపం ఇచ్చి దండం పెట్టుకోవడం మన పెద్దలకు అలవాటైన పనే.

అవ్వ కథలో నాకిప్పుడు గుర్తొచ్చేది ఇంకో మాట: "పొలమున్నోళ్లు పొలానికి పోయిరి, లేనోళ్లు ఎలుకలతోనే ఉండిరి." అప్పటి పొలంలో పాక లాంటిదే ఇప్పటి ఇంటినుంచి పని. అది అందరికీ ఉండదు.

పద్దులో రాయని ఖర్చు

ఆ కాలంలోనే రిజర్వు బ్యాంకు ఋణ వాయిదాల మీద మారటోరియం ఇచ్చింది. మొదట 2020 మార్చి నుంచి మే వరకు, తర్వాత ఆగస్టు 31 వరకు. వచ్చిన ప్రతి ఖాతాదారుకూ నేను ఒకటే చెప్పేవాణ్ణి: "అయ్యా, ఇది మాఫీ కాదు. కట్టడం ఆగుతుందిగాని వడ్డీ ఆగదు. చేతిలో డబ్బుంటే కట్టేయండి, లేకపోతేనే వాయిదా వేయండి." 2 కోట్ల లోపు ఋణాలకు వడ్డీ మీద వడ్డీని తర్వాత ప్రభుత్వం భరించిందిగాని, మామూలు వడ్డీ ఎవరికీ తప్పలేదు.

పదిమందికి చెప్పిన ఈ ముక్క నా ఇంటికి వర్తిస్తుందని నాకు తట్టలేదు.

అమ్మకు రోజూ పొద్దున్నే కూడల్ అళగర్ గుడికి నడిచి వెళ్లడం అలవాటు. 2020 మార్చిలో గుళ్లు మూతపడ్డాయి. ఆ ఏడాది మే 4న మీనాక్షి కల్యాణం కొద్దిమంది అర్చకులతో జరిగితే జనమంతా టీవీల్లో చూశారు. "కల్యాణం చూసినాను నాయనా, అక్షింతలు ఎవరి మీద చల్లేది, టీవీ మీదనా?" అని అమ్మ నవ్వింది. సెప్టెంబరులో గుళ్లు తెరిచినా కొడుకులిద్దరమూ గడప దాటవద్దన్నాం. బతికుంటే బలుసాకు తినవచ్చు కదా అన్నాం. కోడలు వంట గదిలోకీ రానివ్వలేదు. పనిలేదు, నడక లేదు, మాటకు మనిషి లేదు.

2021 మార్చి 1న 60 దాటినవారికి టీకాలు మొదలయ్యాయి. అమ్మకు ఆ నెలలోనే వేయించాం, నాకు ఏప్రిల్లో వేశారు. ఆ తర్వాతే మదురై వెళ్లాను. పదమూడు నెలల తర్వాత చూసిన అమ్మ గోడ పట్టుకుని నడుస్తోంది. మోకాళ్లు బిగుసుకుపోయాయి. మూడు మెట్లు దిగడానికి తమ్ముడి భుజం కావలసి వచ్చింది. కరోనా ఆమెను తాకలేదు. మా లెక్క ఆ మేరకు నెగ్గినట్టే. కాని వాయిదా వేసిన ప్రతి నెలకూ వడ్డీ పడింది, అది ఆమె మోకాళ్లు కట్టాయి.

మేము భయపడింది తప్పు కాదు. వయసు పెరిగేకొద్దీ ఆ జబ్బుతో ప్రాణాపాయం ఎన్నో రెట్లు పెరిగేది. టీకా రాకముందు 78 ఏళ్ల మనిషిని కాపాడుకోవడం అవసరమే. పొరపాటు ఎక్కడంటే, ఒకవైపు ప్రమాదాన్నే లెక్కవేసి, రెండోవైపు ఖాళీగా వదిలేశాం. డాబా మీద రోజూ అరగంట నడవనిస్తే ఏం పోయేది? నేను వెళ్లి అరుగు మీద దూరంగా, మాస్కుతో గంట కూర్చుంటే ఏం పోయేది? అయితే అన్నీ, లేకపోతే ఏదీ వద్దు అన్నట్టు ఆలోచించాం.

ఇంటి లెక్క

2021 మే చివర్లో కోయంబత్తూరు రోజువారీ కేసుల్లో చెన్నైని దాటేసింది. మే 30న ముఖ్యమంత్రి స్టాలిన్, అప్పటికి 68 ఏళ్ల మనిషి, రక్షణ దుస్తులు వేసుకుని ఇక్కడి ఈఎస్ఐ ఆసుపత్రి కరోనా వార్డులోకి వెళ్లారు. మంచిదా కాదా అని జనం వాదించుకున్నారు. నాకు మాత్రం అందులో ఒక పద్ధతి కనిపించింది: అవసరమనుకున్న పనికి రిస్కు తీసుకోవడం, దాన్ని తగ్గించే సాధనాలు దగ్గర పెట్టుకోవడం.

ఆ రెండో అలలో మా ఇంట్లో నాలుగు ప్రశ్నలు పెట్టుకున్నాం. ఈ పనివల్ల ప్రమాదం ఎంత? అది ఎవరి మీద పడుతుంది, నా మీదా, ఇంట్లో పెద్దవాళ్ల మీదా, పనిచేసే మనిషి మీదా? కిటికీ తెరవడం, మాస్కు, ఆరుబయట కలవడం, టీకా, వీటిలో దేనితో తగ్గించవచ్చు? మానేస్తే పోయేదేమిటి? అయిదోది నేను బ్యాంకునుంచి తెచ్చుకున్నాను: ఈ నిబంధనను మళ్లీ ఎప్పుడు సమీక్షించాలి? ఏ ఋణ పరిమితికైనా రెన్యువలు తేదీ ఉంటుంది. అమ్మకు మేము పెట్టిన ఆంక్షకు అది లేదు.

ఆ లెక్క ప్రకారం ఒక పెళ్లికి మానుకున్నాం, ఆశీర్వాదం డబ్బు పంపించాం. అమ్మ నడక మాత్రం మానిపించలేదు. డాబా మీద తమ్ముడి కూతురు చెయ్యి పట్టుకుని మొదలుపెట్టింది.

2022 ఏప్రిల్ 16న, రెండేళ్ల విరామం తర్వాత, అళగర్ స్వామి జనం మధ్య వైగై నదిలోకి దిగాడు. నేను కారు తీసుకుని వస్తానన్నాను. "ఆ గుంపులోకి నాకెందుకురా? టీవీలో చూస్తాను. నువ్వొస్తే మరునాడు మన గుడికి పోదాం" అంది అమ్మ. ఆ రోజు తొక్కిసలాటలో ఇద్దరు చనిపోయారు. ప్రమాదం ఎప్పుడూ మనం చూస్తున్న వైపునుంచే రాదు. ఎక్కడ ఖర్చు పెట్టాలో, ఎక్కడ మిగుల్చుకోవాలో నాకన్నా ఆమెకే బాగా తెలుసని ఒప్పుకున్నాను. మేము చేయనిదల్లా ఆమెను అడగడమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. ఇంకో జబ్బు ఏదో ఒకనాడు రాకపోదు. అప్పుడు మన ఇళ్లలో పెద్దవాళ్లను కాపాడుకుందాం, తప్పకుండా. కాని ముందు వాళ్లనే పక్కన కూర్చోబెట్టుకుని లెక్క చూద్దాం. అమ్మ ఇప్పుడు చేతికర్రతో, వారానికి రెండుసార్లు గుడికి వెళుతోంది. రోజూ వెళ్లే నడక మళ్లీ రాలేదు.