రెండుమార్లు చచ్చి బ్రతికిన కంపెనీ

పెనుకొండ పేరు చెప్పగానే మనకు విజయనగర రాజుల కోట గుర్తుకు వస్తుంది. 1565లో తళ్ళికోట యుద్ధంలో దెబ్బ తిన్నాక రాజధాని అక్కడికే చేరింది. ఓడలమీద వచ్చే మేలుజాతి గుర్రాల కోసం విజయనగర ప్రభువులు బంగారం కుమ్మరించేవారని చరిత్రలో చదువుకున్నాం. ఈనాడు అదే పెనుకొండ చెంత, ఎఱ్ఱమంచి దగ్గర, వేరుశనగ పండే కరువు నేలమీద 536 ఎకరాల కార్ఖానా లేచింది. అక్కడ తయారైన బండ్లు ఓడలెక్కి పరదేశాలకు పోతున్నాయి. బేరం తిరగబడిందన్నమాట!

ఆ కార్ఖానా కియా కంపెనీది. కంపెనీ కొరియావారిది. పులిముక్కులాంటి మొగంతో ఆ బండ్లు మన రోడ్లమీద ఎన్ని తిరుగుతున్నాయో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. కాని, దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిసినవారు మనలో తక్కువ. ఈ కంపెనీ సైకిలు గొట్టాలతో మొదలయింది. మధ్యలో ఒకసారి దొరతనంవారు దాని పీక నొక్కారు. మరొకసారి అప్పులవాళ్ళు నొక్కారు. రెండుమార్లూ బ్రతికి బట్టకట్టింది.

మూడువేల రిల సైకిలు

1944 డిసెంబరు. కొరియా ఇంకా జపాను ఏలుబడిలో వున్నది. కిమ్ చోల్ హో అనే ఆయన సియోల్ నగరంలో ఒక చిన్న కార్ఖానా పెట్టాడు. చిన్నతనంలోనే జపాను వెళ్ళి, ఒసాకాలో ఇనుప పని నేర్చుకుని వచ్చిన మనిషి. ఉక్కు గొట్టాలు, సైకిలు సామాను, అంతా చేతిపనే. మరుసటి ఏడు జపానువాళ్ళు పోయారు. దేశం రెండు ముక్కలయింది. 1950లో యుద్ధం వచ్చింది. ప్రాణాలు అరచేత పట్టుకుని జనం దక్షిణాన వున్న బుసాన్ రేవుకు పరుగెత్తారు. కిమ్ తన యంత్రాలతో సహా అక్కడికే చేరాడు. ఆ యుద్ధకాలంలోనే, ఆ బుసాన్‌లోనే, కొరియాలో తయారైన మొట్టమొదటి సైకిలు బయటికి వచ్చింది.

దానికి ఆయన పెట్టిన పేరు చూడండి: 'సామ్‌చోల్లి', అంటే 'మూడువేల రిలు'. తమ దేశం ఆ కొస నుంచి ఈ కొసకు మూడువేల రిల పొడవు అని కొరియావారి పాతలెక్క. మనం ఆసేతుహిమాచలం అంటామే, అటువంటి మాట. దేశం నిలువునా చీలి నెత్తురు కారుతున్న రోజులలో ఒక సైకిలుకు ఈ పేరు పెట్టాడు. 1952లో కంపెనీకి 'కియా' అని నామకరణం చేశాడు. ఆసియా నుంచి పైకి లేవడం అని ఆ పేరుకు అర్థం చెబుతారు.

ఆ తరువాత నడక నెమ్మదిదే. జపానులోని హోండావారి అనుమతితో మోటారు సైకిళ్ళు చేశారు. 1962లో మజ్దావారి నమూనాతో ముందొక చక్రం, వెనుక రెండు చక్రాలు గల చిన్న లారీ తెచ్చారు. 1973లో సోహారీ అనేచోట పెద్ద కార్ఖానా కట్టారు. అది చూసుకున్న ఏడాదే కిమ్ కన్నుమూశాడు. కారు బయటికి రావడం ఆయన చూడలేదు. 1974లో బ్రిసా అనే చిన్నకారు వచ్చింది. 2017లో వచ్చిన 'ఎ టాక్సీ డ్రైవర్' అనే కొరియా చిత్రం చూసినవారికి అందులోని ఆకుపచ్చ టాక్సీ జ్ఞాపకం వుంటుంది. అది బ్రిసాయే.

ఆ చిత్రంలోని కథ 1980 మే నెలలో గ్వాంగ్జూ పట్టణంలో జరిగినది. సైనికాధికారి చున్ దూ హ్వాన్ మీద జనం తిరగబడ్డారు. సైనికులు కాల్పులు జరిపారు. అప్పుడు ఆ పట్టణ ప్రజలు ఒక కార్ఖానాలో జొరబడి లారీలూ, కవచపు బండ్లూ బయటికి తోలుకువచ్చారు. ఆ కార్ఖానా ఏషియా మోటార్సువారిది. ఆ ఏషియా మోటార్సు 1976 నుంచీ కియావారి సొత్తు.

కార్లు చెయ్యవద్దు!

మరుసటి ఏడు అదే చున్ దూ హ్వాన్ దొరతనం ఒక ఉత్తరువు వేసింది. దేశంలో కార్ల కంపెనీలు ఎక్కువైపోయాయి, గిరాకీ చాలడంలేదు, కనుక ఎవరు ఏమి చెయ్యాలో మేమే చెబుతాం అన్నది. కార్లు హ్యుందాయ్, దేవూ సంస్థల పాలయినాయి. కియా కార్లు చెయ్యరాదు. మోటారు సైకిళ్ళ పని కూడా మరొకరికి అప్పగించాలి. మిగిలినవి చిన్న లారీలూ, వ్యానులూ. వంటవాడిని పిలిచి, ఇకమీదట నువ్వు అన్నం వండరాదు, పచ్చడి మాత్రం నూరుకో అన్నట్టున్నది!

అయితే ఆ పచ్చడే కియాను బ్రతికించింది. 'బోంగో' అని ఒక వ్యాను తెచ్చారు. ఒక కుటుంబం, దాని చుట్టాలూ, మూటాముల్లే అన్నీ పట్టే బండి. కూరగాయల బేరగాడు కొన్నాడు. చర్చివాళ్ళు కొన్నారు. బడి పిల్లలను తిప్పేవాళ్ళు కొన్నారు. ఇప్పటికీ కొరియాలో ఏ కంపెనీ వ్యానునయినా 'బోంగో బండి' అనే మామూలు జనం పిలుస్తారు. మనం ఏ వనస్పతినయినా డాల్డా అన్నట్టే. యజమానులు ఒక బండికి ఇచ్చే బిరుదులలో దీనికి మించినది నాకు కనిపించదు.

1987లో ఆంక్ష సడలింది. వెంటనే 'ప్రైడ్' అనే చిన్నకారు వచ్చింది. మజ్దా గీసింది, కియా కట్టింది, ఫోర్డు తన పేరుతో అమెరికాలో అమ్మింది. ఈ ప్రైడ్ కథ కొరియాలోకంటె ఇరాన్‌లో రసవత్తరంగా నడిచింది. అక్కడి సైపా కంపెనీ 1993లో దీని తయారీ మొదలుపెట్టి 2020 దాకా ఆపలేదు. ఇరుగుపొరుగు పది ఇళ్ళలో ఎన్నింటి ముందో అదే కారు. మరమ్మతు ఏ వీధి మేస్త్రీకయినా వచ్చును, సామాను ఏ అంగడిలోనయినా దొరుకును. కాని గుద్దుకుంటే మాత్రం రేకు డబ్బాలా నలిగిపోతుందని ఇరాన్‌వాళ్ళే దానిమీద కసితీరా జోకులు వేసేవారు. తిడుతూనే కొన్నారు. ఆ జీతాలకు అంతకంటె మంచిది అందేది కాదు. యజమాని అభిప్రాయం అనేది ఒక్కొక్కప్పుడు బండి గురించి కాక, అతని జేబు గురించి చెబుతుంది.

రెండవ గండం

కియాకు కొరియాలో 'ప్రజల కంపెనీ' అని పేరుండేది. హ్యుందాయ్, సామ్‌సంగ్ వంటివన్నీ ఒక్కొక్క కుటుంబం గుప్పిట్లో వుండగా, కియా వాటాలు మాత్రం పలువురి చేతులలో వుండేవి. యజమాని కుటుంబం అంటూ లేదు. మంచిదే. కాని అప్పు మాత్రం మితిమీరింది. లారీల కంపెనీలో నష్టం, ఉక్కు కంపెనీలో నష్టం. 1997 జూలైలో చేతులెత్తేసింది. ఆ డిసెంబరుకు కొరియా దేశమే ఐ.ఎం.ఎఫ్. వాకిట నిలబడింది. 1998 మొదట్లో కొరియా ఆడవాళ్ళు పెళ్ళి ఉంగరాలూ, పిల్లల బంగారమూ తెచ్చి దేశపు అప్పుకు ఇచ్చారు. 1991లో మన దొరతనం రిజర్వుబ్యాంకు బంగారం కుదువబెట్టింది. అక్కడ ఇళ్ళలోని బంగారమే కదిలింది.

కియాను వేలం వేశారు. ఫోర్డు వచ్చింది, దేవూ వచ్చింది, సామ్‌సంగ్ వచ్చింది. చివరకు 1998లో హ్యుందాయ్ నూటికి 51 వంతుల వాటా దక్కించుకున్నది. ఏ హ్యుందాయ్‌కి లాభం చేయడానికి 1981లో కియాను కార్లు మానమన్నారో, ఆ హ్యుందాయే దాని యజమాని అయింది! ఇప్పుడు మన రోడ్లమీద తిరిగే హ్యుందాయ్ క్రెటా, కియా సెల్టోస్ బండ్లకు అడుగు చట్రం, ఇంజను చాలావరకు ఒకటే. అన్నదమ్ముల బిడ్డలు. బట్టలే వేరు.

ఆ రోజులలో అమెరికాలో కొరియా కారంటే నవ్వులాట. చవక, అంతే. 1994లో పోర్ట్‌లండ్ పట్టణంలో అమ్మకం మొదలుపెట్టిన కియాకు అదే గతి. 'మా బండి మంచిది' అని ఎంత అరిచినా ఎవరు నమ్ముతారు? అందుకని హ్యుందాయ్, దాని వెంటనే కియా, ఒక తెగువ చేశాయి. మొదటి యజమానికి ఇంజనూ, గేరు పెట్టెా పదేళ్ళు, లేదా లక్ష మైళ్ళ వరకు చెడితే మాదే పూచీ అని రాసి ఇచ్చారు. తరువాత ఐరోపాలో ఏడేళ్ళు ఇచ్చారు. ఇలా రాసి ఇచ్చిన కంపెనీ బండి బాగా చెయ్యకపోతే నిండా మునిగిపోతుంది. అందుచేత బాగా చెయ్యక తప్పలేదు. 2006లో ఫోక్స్‌వాగన్ కంపెనీ నుంచి పీటర్ ష్రేయర్ అనే జర్మను రూపశిల్పిని తెచ్చుకున్నారు. మరుసటి ఏడు ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో ఆ పులిముక్కు మొదటిసారి లోకానికి కనిపించింది.

నెత్తిన పెట్టుకున్నవారు, నెత్తి కొట్టుకున్నవారు

2022లో అమెరికాలో జె.డి. పవర్ సంస్థవారు మూడేళ్ళు వాడిన కార్ల యజమానులను, మీ బండి ఎన్ని తిప్పలు పెట్టిందని అడిగారు. అందరికంటె తక్కువ తిప్పలు పెట్టినది కియా అని తేలింది. ఖరీదైన కార్లను వెనక్కి నెట్టి మామూలు జనం కారు ఆ పరీక్షలో మొదట నిలవడం అదే తొలిసారి. అంతకు రెండేళ్ళ ముందు, 2020లో, టెల్యూరైడ్ అనే వారి పెద్ద బండికి ప్రపంచపు ఉత్తమ కారు బహుమానం కూడా దక్కింది.

అదే అమెరికాలో మరో జాతి యజమానులున్నారు. వారి ఇంజనులు దారిలో బిగుసుకుపోయాయి, కొన్ని అంటుకున్నాయి. కంపెనీ వాటిని వెనక్కి పిలవడంలో ఆలస్యం చేసిందని 2020 నవంబరులో అక్కడి దొరతనం కియాకు 7 కోట్ల డాలర్ల శిక్ష వేసింది. అది చాలదన్నట్టు, సరైన తాళంచెవి లేకుంటే ఇంజను కదలకుండా ఆపే చిన్న సాధనాన్ని చాలా కార్లకు పెట్టకుండా డబ్బు మిగుల్చుకున్నారు. 2022లో కుర్రకారు ఆ కిటుకు కనిపెట్టి వీడియోలు తీసి, ఊళ్ళకు ఊళ్ళు కార్లెత్తుకుపోయారు. ఉదయం లేచి చూస్తే వాకిట్లో బండి లేదు! భీమా కంపెనీలు కొన్ని మొగం తిప్పుకున్నాయి. 2023లో హ్యుందాయ్, కియా కలిసి సుమారు 20 కోట్ల డాలర్లకు రాజీ పడ్డాయి. మిగిల్చుకున్నదెంతో, పోగొట్టుకున్నదెంతో!

ఇక మన సంగతి. 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒడంబడిక కుదిరింది. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు. ఏటా 3 లక్షల బండ్లు చేయగల కార్ఖానా. దేశంలోకెల్లా వాన తక్కువ పడే జిల్లాలలో అనంతపురం ఒకటి. మరి నీళ్ళో? శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా కాలువ ద్వారా వచ్చిన కృష్ణ నీళ్ళను గొల్లపల్లి జలాశయం నుంచి ఇచ్చారు. 2019 ఆగస్టు 22న సెల్టోస్ అమ్మకానికి వచ్చింది. ఊళ్ళో కొరియా హోటళ్ళు వెలిశాయి. 2023 జూలై నాటికి పది లక్షల బండ్లు అక్కడ తయారయ్యాయి.

కొన్నవారిని కదిలిస్తే మొదట వచ్చే మాట అందం. రెండవది సరంజామా: గాలి వీచే సీట్లు, ఆకాశం కనిపించే కప్పు, పెద్ద తెర. ఇంత డబ్బుకు ఇన్ని ఎవరిస్తారండీ అంటారు. మూడవ మాట దగ్గర గొంతు కొంచెం తగ్గుతుంది. మొదట్లో వచ్చిన బండ్లు గతుకులలో నడుము కదిలిస్తాయనీ, జంట క్లచ్చీల ఆటోమాటిక్ గేరు ఊరి రద్దీలో వేడెక్కుతుందనీ కొందరి ఫిర్యాదు. 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్‌వారు సెల్టోస్‌ను గోడకు గుద్దించి చూసి అయిదింట మూడు నక్షత్రాలే ఇచ్చారు. 2022లో కారెన్స్‌కూ మూడే. గాలి వీచే సీటుకు లేని పిసినారితనం ప్రాణం దగ్గర ఎందుకని కొన్నవారు అడిగారు. అడగవలసిన మాటే. 2025లో సైరోస్ అనే బండికి భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో అయిదు నక్షత్రాలు వచ్చాయి.

అమెరికావారికి ఇంజను మీద పదేళ్ళు, ఐరోపావారికి ఏడేళ్ళు రాసి ఇచ్చిన కంపెనీ, సెల్టోస్‌తో మనకు ఇచ్చినది మూడేళ్ళు. ఆపైన కావలసినవారు విడిగా డబ్బు కట్టుకోవాలి. 2019లో వరుసలో నిలబడి మొదట కొన్నవారి బండ్లకు ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది. ఇకనుంచీ వాటికయ్యే మరమ్మతు ఖర్చంతా వారి జేబులోదే. పెనుకొండ బండి గట్టిదా కాదా అని అడగదలచినవారు, కొత్తబండి వాసన ఇంకా పోనివారిని కాక, వారిని అడగాలి.