కుందూ మన్ను సముద్రంలో ఏమవుతుంది?

వానలు వెలిసిన తర్వాత అహోబిలం కొండమీద భవనాశి నీళ్లు ఎంత తేటగా వుంటాయో చూసినవాళ్లకు తెలుసు. కొండ దిగి మైదానంలోకి వస్తే సంగతి వేరు. మా నల్లరేగడి చేలమీద గట్టివాన పడిందంటే వంకలన్నీ చిక్కని కాఫీరంగులో పారుతాయి. ఒక ఏడు అలాంటి వానకే మా చేని గట్టు తెగి, పైమన్ను జానెడు లోతున కొట్టుకుపోయింది. తెగిన గట్టుమీద నిలబడి మా నాయన అడిగినాడు: “ఇంత మన్ను యాడికి పోతాదిరా? సైన్సు సదువుతాండావు గదా, సెప్పు.”

“సముద్రంలోకి నాయనా” అన్నాను.

“ఆడికి పొయ్యి ఏమైతాది?”

నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోసం వెతికినదే ఈ వ్యాసం.

మా వంకల నీళ్లు కుందూనదిలో చేరతాయి. కుందూ కడప జిల్లాలో కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టిన పెన్న మొత్తం 597 కిలోమీటర్లు నడిచి, సిద్ధవటం, సోమశిల, నెల్లూరు దాటి ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో పడుతుంది. నది మంచినీళ్లు, సముద్రపు ఉప్పునీళ్లు ఒకదానిలో ఒకటి కలిసే ఆ చోటునే నదీముఖం అంటారు. కోస్తావాళ్లు ‘మొగ’ అంటారు.

ఈ నదీముఖాలు ఎలా ఏర్పడ్డాయి? సుమారు 20,000 ఏళ్ల క్రితం మంచుయుగంలో చాలా నీరు మంచుగా గడ్డకట్టి, సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు కిందికి వుండేది. నదులు ఆ లోతుకు తగినట్టు లోయలు కోసుకున్నాయి. మంచు కరిగాక సముద్రం పైకెక్కి ఆ లోయలను ముంచింది. ఆరేడు వేల ఏళ్ల క్రితానికి మట్టం ఇంచుమించు నిలకడకు వచ్చింది. అమెరికాలోని చెసపీక్ అఖాతం అలా మునిగిన లోయే. పెన్నలాంటి నదులు మాత్రం తాము తెచ్చిన ఒండ్రుతో ఆ లోయలను పూడ్చి డెల్టాలు కట్టాయి. ఇక అలలు తీరం వెంబడి ఇసుకను మోసుకొచ్చి మొగకు అడ్డంగా తిన్నెలు వేస్తుంటాయి. వరదకాలంలో నది తిన్నెను కోసుకుపోతుంది. వరద తగ్గితే సముద్రం మళ్లీ కడుతుంది. ఉప్పునీరు బరువు గనుక పోటు సమయంలో అడుగున నదిలోకి చొరబడుతుంది, పైన మంచినీరు సముద్రంలోకి జారుతుంది.

అసలు రసాయనం ఇక్కడే మొదలవుతుంది. రేగడిలోని బంకమన్ను రేణువులు చాలా సన్నవి. రెండు మైక్రాన్ల రేణువు కదలని నీళ్లలో రోజుకు ఒక మూర కూడా కిందికి దిగదు. పైగా వాటికి ఋణావేశం వుంటుంది. ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీళ్లలో తేలుతూనే వుంటాయి. కాని సముద్రపు నీటిలో కిలోకు 35 గ్రాముల దాకా లవణాలు వున్నాయి. వాటిలోని సోడియం, మెగ్నీషియం వంటి ధనావేశపు అయాన్లు రేణువుల చుట్టూ మూగి ఆ నెట్టుడును అణచివేస్తాయి. అప్పుడు రేణువులు పెరుగులా గడ్డకట్టి బరువెక్కి అడుగుకు చేరతాయి. అదే సమయంలో రేగడి తాను పట్టుకున్న కాల్షియంను వదిలి సోడియంను తీసుకుంటుంది. నమ్మకం లేనివారు రెండు గాజుపాత్రల్లో డిస్టిల్డ్ వాటర్ పోసి, మన చేని రేగడి కలిపి, ఒకదానిలో గుప్పెడు ఉప్పు వేసి, తెల్లవారి చూడవచ్చు. ఉప్పువేసిన నీళ్లు తేరుకుని వుంటాయి.

అడుగుకు చేరిన బురద ఊరికే వుండదు. దానిలోని ఆకు అలములను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు పైపొరలోనే ప్రాణవాయువును వాడేస్తాయి. కింద గాలి లేదు. అక్కడి బాక్టీరియా సముద్రజలంలోని సల్ఫేటును (కిలోకు సుమారు 2.7 గ్రాములు) వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడును వదులుతుంది. మన లేబొరేటరీలో కిప్స్ ఉపకరణం తెరిస్తే వచ్చే కుళ్లిన కోడిగుడ్డు వాసన అదేగదా! మన రేగడి వెంట వచ్చిన ఇనుము ఆ వాయువుతో కలిసి నల్లని ఐరన్ సల్ఫైడు అవుతుంది. కాలక్రమాన పైరైటుగా మారుతుంది. మిత్రులతో పెన్న మొగకు వెళ్లినప్పుడు నేను ఒక సీసాలో ఆ బురద తెచ్చాను. దానిపై ఆమ్లం పోసి లెడ్ ఎసిటేటు కాగితం పెడితే కాగితం నల్లబడింది.

ఈ బురద నీళ్లకింద వున్నంతకాలం సాధువు. గట్లుకట్టి ఆరబెడితే పైరైటు గాలి తగిలి గంధకామ్లం అవుతుంది. కేరళలోని కుట్టనాడు పొలాల్లో రైతులకు ఈ పులుపు బాధ వుంది. మడ అడవులు కొట్టి నేల చేయబోయేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంకొక సంగతి. మన మన్ను అంతా మొగదాకా పోదు. 78 టి.ఎం.సి.ల సోమశిల జలాశయంలో నీరు నిలకడకు రాగానే ముందు ఇసుక, తర్వాత ఒండ్రు దిగబడతాయి. సన్నని బంకమన్నే ఎక్కువగా వరదతో కిందికి వెళ్తుంది. అంటే చేను ఇక్కడ చిక్కిపోతుంది, జలాశయం అక్కడ పూడుతుంది, తీరానికి రావలసిన ఇసుక తగ్గుతుంది. జానెడు పైమన్ను తయారవడానికి ప్రకృతికి వేల ఏళ్లు పడుతుంది. పోవడానికి ఒక రాత్రి చాలు.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఇదంతా మా నాయనకు చెప్పి, సీసా చేతిలో పెట్టాను. మూత తీసి వాసన చూసి మొగం పక్కకు తిప్పుకున్నాడు. కాసేపు ఆలోచించి, “అయితే ఇంగ అది మన మన్ను గాదు” అన్నాడు. తర్వాత పార భుజాన వేసుకుని లేచినాడు. “రా, ఈ తూరి గట్టు ఇంకో మూర ఎత్తు ఏద్దాం.”

— బి.యస్సి. మూడవ సంవత్సరం విద్యార్థి