కెమెరాకి కావలసింది వెలుగు

పిల్లలూ, ఫొటో బాగా రాలేదంటే మనం మొదట తిట్టేది కెమెరానే. "దీనికి మెగాపిక్సెళ్లు చాలవు తాతయ్యా, కొత్తది కొనాలి" అంటారు. కొనే ముందు ఒక చిన్న లెక్క వేద్దాం రండి. ఆల్బమ్‌లో పెట్టుకునే మామూలు ఫొటో ఆరంగుళాల పొడవు, నాలుగంగుళాల వెడల్పు ఉంటుంది. ప్రింటు చక్కగా రావాలంటే అంగుళానికి 300 చుక్కలు చాలు. అంటే పొడవున 1800, అడ్డంగా 1200. గుణిస్తే 21 లక్షల 60 వేల చుక్కలు. పది లక్షల చుక్కల్ని ఒక మెగాపిక్సెల్ అంటాం కదా, ఇది రెండు మెగాపిక్సెళ్ల పైచిలుకు. బీరువాలో మూలపడ్డ 12 మెగాపిక్సెళ్ల పాత కెమెరాకి కూడా దీనికి అయిదు రెట్లకు మించి ఉన్నాయి. మరి లోపం ఎక్కడ? చాలాసార్లు వెలుగులో.

1975లో కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే కుర్ర ఇంజనీరు మొట్టమొదటి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. దాని బొమ్మలో ఉన్నవి పదివేల చుక్కలే, అదీ నలుపు తెలుపుల్లో. ఒక్క బొమ్మ క్యాసెట్ టేపులోకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. అప్పుడూ ఇప్పుడూ కెమెరా చేసే పని మాత్రం ఒకటే. లెన్సు వెనకాల ఉన్న సెన్సర్ మీద వెలుగు పడుతుంది, దాని దెబ్బకి ఎలక్ట్రాన్లు ఊడి వస్తాయి, ఏ చుక్కలో ఎన్ని పోగయ్యాయో కెమెరా లెక్కపెడుతుంది.

ఇది ఎలా ఉంటుందంటే, వానలో పెరటినిండా గిన్నెలు పరిచినట్టు. పెద్ద కెమెరాలో పరిచినవి గంగాళాలు, మన చిన్న కెమెరాలో ఉన్నవి ఉగ్గుగిన్నెలు. మామూలు చిన్న కెమెరా సెన్సర్ సుమారు 6 మిల్లీమీటర్ల పొడవు, నాలుగున్నర మిల్లీమీటర్ల వెడల్పు. చిటికెన వేలి గోరు కంటే చిన్నది. ఖరీదైన ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో అది 36కి 24 మిల్లీమీటర్లు, అంటే వైశాల్యంలో 30 రెట్లు. జడివాన కురిస్తే ఉగ్గుగిన్నెలైనా నిండుతాయి. తుంపర పడితేనే చిక్కు: ఒక గిన్నెలో నాలుగు చినుకులు, పక్కదాంట్లో ఏడు. సమానంగా ఉండాల్సినచోట తేడా వస్తుంది. చీకటి గదిలో తీసిన ఫొటో గరుకు గరుకుగా కనిపించేది అందుకే. చుక్కకి 100 కాంతి కణాలు అందితే హెచ్చుతగ్గు సుమారు 10, అంటే నూటికి పది. పదివేలు అందితే హెచ్చుతగ్గు 100, అంటే నూటికి ఒకటే.

కాబట్టి చిన్న కెమెరా ఉన్నవాళ్లు చేయాల్సిన మొదటి పని, మనిషిని వెలుగులోకి తీసుకురావడం. ఇంట్లో ట్యూబులైటు కింద కంటే, మబ్బుపట్టిన పగలైనా సరే, ఆరుబయట పదుల రెట్లు ఎక్కువ వెలుగుంటుంది.

అలాగని మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టకండి. మామ్మని పెరట్లో పన్నెండింటికి నిలబెట్టి తీస్తే ఏమవుతుంది? సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. కనుబొమల నీడ కళ్లమీద, ముక్కు నీడ పెదవిమీద పడుతుంది. ఆకాశంలో సూర్యుడి వెడల్పు అర డిగ్రీయే, అంత చిన్నచోటి నుంచి వచ్చే వెలుగు నీడల్ని కత్తిరించినట్టు వేస్తుంది. అదే మామ్మని వసారా అంచున కూర్చోబెట్టి, మొహం వాకిలివైపు తిప్పించండి. ఇప్పుడు వెలుగిస్తున్నది ఎదురుగా ఉన్న ఆకాశమంతా. అన్నివైపుల నుంచీ వస్తుంది కనుక నీడలు మెత్తబడతాయి. కళ్లలో చిన్న మెరుపు కనిపిస్తుంది, చెంపమీది ముడతలు కూడా ఆప్యాయంగా వస్తాయి. కిటికీ పక్కన కూర్చోబెట్టినా ఇదే ఫలితం. కిటికీ మాత్రం మీ వెనకో పక్కనో ఉండాలి. మనిషి వెనక ఉంటే మొహం నల్లబడిపోతుంది.

ఇక రెండో సంగతి. కెమెరాకి తెలుపేదో నలుపేదో తెలియదు. ఎదుట ఉన్నదంతా కలిపితే సగటున నడిమి బూడిద రంగు అనుకుని వెలుగు కొలుస్తుంది. సున్నం వేసిన గోడ ముందు తెల్లపంచె కట్టిన తాతయ్యని తీస్తే పంచె మాసినట్టు వస్తుంది. నల్లటి గేదెని దగ్గరగా తీస్తే బూడిద పూసుకున్నట్టు వస్తుంది. మీ కెమెరాలో ప్లస్, మైనస్ గుర్తులున్న మీట ఉంటుంది చూడండి. తెల్లటివాటికి ప్లస్ 1 పెట్టండి, నల్లటివాటికి మైనస్ 1. అంతే, పంచె తెల్లబడుతుంది, గేదె నల్లబడుతుంది.

ఫ్లాష్ సంగతి కూడా చెబుతాను. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతే అందుతుంది. మూడు మీటర్ల దూరానికి సరిపోయే ఫ్లాష్, 30 మీటర్ల దూరంలో ఉన్న స్టేజీకి చేరేసరికి నూరోవంతు. దసరా పందిట్లో చివరి వరసలో కూర్చుని కూచిపూడి నాట్యానికి ఫ్లాష్ కొడితే ముందువాళ్ల తలలు వెలుగుతాయి, నర్తకి కాదు. అక్కడ ఫ్లాష్ ఆపేయండి, స్టేజీ దీపాలే చాలు.

వెలుగు తగ్గితే కెమెరా షట్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. సెకనులో పదిహేనో వంతు కూడా చేతికి చాలా ఎక్కువసేపే, బొమ్మ కదిలిపోతుంది. మోచేతులు పక్కటెముకలకి ఆనించి, వీపు స్తంభానికి ఆన్చి, ఊపిరి వదులుతూ నొక్కండి. కెమెరాని బల్లమీద పెట్టి రెండు సెకన్ల టైమర్ వాడితే ఇంకా మంచిది, వేలు నొక్కిన కుదుపు కూడా ఉండదు. బటన్‌ని ఒకేసారి నొక్కేయకుండా, మొహం మీద గురిపెట్టి సగం నొక్కి ఆగితే ఫోకస్ కుదురుతుంది. అలాగే పట్టుకుని కెమెరాని కావలసినట్టు జరిపి, అప్పుడు పూర్తిగా నొక్కండి. డిజిటల్ జూమ్ జోలికి వెళ్లకండి, అది ఉన్న బొమ్మని కోసి పెద్దది చేయడమే. నాలుగడుగులు ముందుకు వేయండి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరిని ఒకేచోట పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం అయిదింటికి తీయండి. మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. కెమెరా అదే, మనిషి అదే, మారింది వెలుగొక్కటే. ఆ తేడా కంటికి ఆనాక కూడా కొత్త కెమెరా కావాలనిపిస్తే అప్పుడు కొనుక్కోండి.