మీకు తెలుసా? ఆ నల్ల పట్టీలు లోపం కాదు

ఇంటి గోడ మీద ప్రొజెక్టర్ వేసి సినిమా పెట్టగానే పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. చాలామంది రిమోట్ తీసుకుని బొమ్మను తెర నిండా సాగదీస్తారు. అప్పుడు హీరో మొహం కోలగా, మనిషి సన్నగా, పొడుగ్గా తేలతాడు!

ఆ పట్టీలకు మూలం సినిమాస్కోప్ వెడల్పు. 1974లో వచ్చిన కృష్ణ ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. ఆ పద్ధతిలో బొమ్మను అడ్డంగా నొక్కి ఫిల్ముకెక్కించేవారు, హాల్లో స్కోప్ లెన్సు దాన్ని మళ్ళీ వెడల్పు చేసేది. ఆపరేటర్ ఆ లెన్సు పెట్టడం మరిస్తే తెరమీద అచ్చం ఇలాంటి కోలమొహాలే కనబడేవి. స్కోప్ వెడల్పు ఎత్తుకు దాదాపు 2.35 రెట్లు. ఇంటి ప్రొజెక్టర్ కొలత సాధారణంగా 16:9. ఫుల్ హెచ్‌డీలోని 1080 వరుసల్లో స్కోప్ బొమ్మకు 817 చాలు, మిగిలినవే ఆ పట్టీలు. అందుకే యాస్పెక్ట్ రేషియో (వెడల్పు-ఎత్తుల నిష్పత్తి) సెట్టింగును ‘ఆటో’లో వదిలేయండి.

ఇక పిక్చర్ మోడ్‌లలో ‘డైనమిక్’ పగటిపూట క్రికెట్‌కు సరే. రాత్రి సినిమాకు ‘సినిమా’ మోడే మేలు, ఒంటిరంగు సహజంగా ఉంటుంది. బ్రైట్‌నెస్ పెంచితే వెలుగు పెరుగుతుందనుకుంటాం గానీ, అది ముఖ్యంగా నలుపును మారుస్తుంది. చీకటి సీను ఆపి, నల్లకోటు మడతలు కనబడేంతవరకే పెంచాలి.

ప్రొజెక్టర్‌లోని ‘కీస్టోన్’ సెట్టింగుతో బొమ్మ వంకర సరిచేస్తే కొన్ని పిక్సెళ్ళు వృథా. వీలుంటే స్టాండునే సర్దండి.

పాటలు దద్దరిల్లి మాటలు వినబడకపోతే? 5.1 ఛానళ్ళ ఆడియోలో సంభాషణలు ఎక్కువగా నడిమి ఛానల్లో ఉంటాయి. రెండే స్పీకర్లుంటే సెట్‌టాప్ బాక్సు ఆడియోను ‘స్టీరియో’కు మార్చి చూడండి.