మోటారు సైకిలు సవారి – పాదరక్షల సంగతి

బోధను పట్టణము నుండి కందకుర్తికి పోవు దారిలో ఒక గంటసేపు నిలిచి చూచినవారికి, మోటారు సైకిలు ఎన్ని విధముల బరువులు మోయగలదో తెలియవచ్చును. ఎరువుల బస్తా, మందు కొట్టు పంపు, పాల క్యాను, టాంకుపై ఒక బిడ్డ, వెనుక ఒక ప్రక్కకు కాళ్ళు వ్రేలవేసి కూర్చున్న ఇల్లాలు. నడుపువాని పాదములవంక చూచినచో హవాయి చెప్పులుండును. ఒక్కొక్కప్పుడు అవియు నుండవు. హెల్మెట్టు ఉన్నదా యందురా, ఉన్నది. అది మోచేతికి తగిలింపబడి, పోలీసు నిలుచు కూడలి వచ్చువరకు విశ్రాంతి తీసికొనుచుండును.

దీనిని చూచి ఈ జనులకు ప్రాణముపై తీపి లేదని తీర్పు చెప్పుట సులభము గాని న్యాయము కాదు. ఇంటివద్ద బండి యెక్కి కార్యాలయమువద్ద దిగువాని కొక జత బూట్లు చాలును. ఈ ప్రాంతపు రైతు అట్లు కాదు. గట్టు వద్ద దిగి మడిలో కాలు పెట్టవలెను. గడప దాటునపుడు పాదరక్ష విడువవలెను. గోదావరి, మంజీర, హరిద్ర కలియు సంగమమువద్ద స్నానమునకును, గుడికిని, మసీదునకును పోవునపుడు విడువవలెను. దినమునకు పది పదునైదు సారులు తొడిగి విడువవలసిన దానిని, తాళ్ళు బిగించుకొను బూటుగా నుంచుమనిన అతడు వినడు. కావున ఏది యెక్కువ రక్షణ నిచ్చునన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ప్రతి దినము నిజముగా తొడుగుకొనదగిన దేది యన్నది దానితోబాటే అడుగవలెను. పెట్టెలో నున్న కవచము ఎవరిని కాపాడదు.

దారుల స్థితి కూడ చెప్పవలసియున్నది. బోధనులోని నిజాం చక్కెర కర్మాగారము 1937లో స్థాపింపబడి, 2015లో మూతపడినది. కర్మాగారపు వాకిట చెరకుబండ్లు బారులు తీరిన దృశ్యము దానితోనే పోయినది. కాని ట్రాక్టరు చక్రములు పొలమునుండి మోసికొని వచ్చు నల్లరేగడి మాత్రము పోలేదు. వాన చినుకు పడినంతనే ఆ మన్ను తారురోడ్డుపై నూనెవలె జారును. పంట నూర్చిన కాలమున రోడ్డులో సగముమేర వడ్లో, మక్కజొన్నలో ఆరబోసియుండును. అంచుకు రాళ్ళు పేర్చియుండును. ఎండిన గింజలపై బ్రేకు వేసిన ద్విచక్రవాహనము నిలువదు. అది వేగముగా పోవుట వలన కలుగు ప్రమాదము కాదు. ముప్పది నలువది కిలోమీటర్ల వేగమున, ఇంటికి కూతవేటు దూరములో జరుగు ప్రమాదము.

మొదట తల సంగతి ముగింతము. ఇందులో వాదమునకు చోటు లేదు. 1935 మే నెలలో ఇంగ్లండులో, అరేబియా లారెన్సుగా ప్రసిద్ధుడైన టి. ఇ. లారెన్సు సైకిళ్ళపై వచ్చుచున్న ఇద్దరు బాలురను తప్పించబోయి మోటారు సైకిలుపై నుండి పడి, ఆరు దినముల తరువాత మరణించెను. ఆయనను చూచిన వైద్యులలో నొకడైన మెదడు శస్త్రవైద్యుడు హ్యూ కెయిర్న్సు, అటుపిమ్మట మోటారు సైకిలు ప్రమాదములలో తలకు తగిలిన గాయములను పరిశీలించి, హెల్మెట్టు విలువను 1941లో ప్రకటించెను. ఆ సంవత్సరముననే బ్రిటిష్ సైన్యము తన వార్తాహరులైన సవారులకు దానిని తప్పనిసరి చేసినది.

మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము 129వ సెక్షను, నడుపువానికిని వెనుక కూర్చున్నవానికిని హెల్మెట్టును విధించినది. తలపాగా ధరించు సిక్కులకు మినహాయింపు కలదు. 2019 సవరణ ప్రకారము ఉల్లంఘనకు వేయి రూపాయల జరిమానాయు, మూడు నెలలు లైసెన్సు నిలుపుదలయు కలవు. కాని జరిమానా లెక్క కంటె మరొక లెక్క ముఖ్యము. బండిపై కూర్చున్నవాని తల నేలకు సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తున నుండును. ఆ ఎత్తునుండి పడిన తల నేలను తాకునప్పటికి గంటకు దాదాపు ఇరువది కిలోమీటర్ల వేగమందుకొనును. బండి నిలిచియున్నను ఇంతే. "ఊరిలోనే గదా" యనువారు ఈ సంగతి గమనింపవలెను. పైనున్న గట్టి చిప్ప దెబ్బను విస్తరింపజేయును. లోపలి థర్మోకోలు పొర తాను నలిగి, తల ఆగుటకు కొంత వ్యవధి నిచ్చును. ఒకసారి గట్టిగా నలిగినది తిరిగి లేవదు కనుక పడిన హెల్మెట్టును మరల వాడరాదు. ఐ.ఎస్. 4151 అను ముద్ర లేనిదానిని కొనరాదు. గడ్డము క్రింద పట్టీ బిగింపనిచో అది దెబ్బకు ముందే యెగిరిపోవును. ఎండకు లోపల పలుచని నూలుబట్ట కట్టుకొనవచ్చును గాని, దళసరి రుమాలు చుట్టి దానిపై హెల్మెట్టును అదిమినచో అది తలను పట్టియుండదు.

ఇక పాదము. దీనిని గురించి చట్టము మౌనము వహించినది; జనులును దానినే అనుసరించినారు. బండి ప్రక్కకు ఒరిగినపుడు మొట్టమొదట దాని క్రింద చిక్కునది కాలు. నూరు కిలోలకు పైబడిన యంత్రము పాదమును నేలకు అదుముచు జారును. చెప్పు ఆ క్షణమునకు ముందే కాలిని విడిచి పోవును. అంతకంటె చిన్న కీడు మరొకటి కలదు: ఆగబోవుచు నేలపై మోపినపుడు హవాయి చెప్పు ముందంచు మడతపడును, కాలు జారును, నిలిచియున్న బండియే మీద పడును.

ఐరోపాలో మోటారు సైకిలు బూట్లను ఇ.ఎన్. 13634 అను ప్రమాణము ననుసరించి పరీక్షింతురు. ఆ పరీక్షలు నాలుగు: బూటు ఎంత యెత్తు వరకు కాలిని కప్పుచున్నది, రోడ్డుపై రాపిడికి ఎంత తాళును, పదునైన వస్తువు తగిలిన తెగునా, ఇరుప్రక్కల నుండి నొక్కినపుడు పాదము నలుగకుండ నిలుచునా. ఈ నాలుగింటి యెదుట హవాయి చెప్పును నిలిపి చూచుకొనుడు! ఐనను ఆ తరగతి బూటు ఖరీదు మన గ్రామీణుడు మోయదగినది కాదు. మోయగలిగినను, దానితో మడిగట్టున నడువజాలడు.

ఇచటనే ఒక పరిశోధన మనకు ఊరట కలిగించును. ఆస్ట్రేలియాలో ప్రమాదమునకు గురియైన 212 మంది సవారులను పరిశీలించి 2011లో ప్రకటించిన ఫలితములలో, లోపల కవచపు బిళ్ళలున్న మోటారు సైకిలు బూట్లు పాదములకును చీలమండలకును గాయము కలుగు అవకాశమును దాదాపు సగమునకు తగ్గించినవి. అందులో వింతయేమనగా, మోటారు సైకిలు కొరకు గాక, వేరు పనులకై చేసిన మామూలు బూట్లు కూడ, పొట్టి జోళ్ళతో పోల్చినపుడు, ఆ అవకాశమును సగమునకు పైగా తగ్గించినవి. అనగా చెప్పునుండి ఎత్తైన తోలుబూటు వరకు వేయు అడుగే గొప్ప అడుగు. తరువాతి మెట్లు ఎక్కగలవారు ఎక్కవచ్చును.

ఎట్టి బూటు? చీలమండను పూర్తిగా కప్పునది, దళసరి తోలుతో చేసినది, అడుగున గాళ్ళు కలిగినది. కర్మాగారములలో వాడు ఇనుపటోపీ బూట్లు ఐ.ఎస్. 15298 ముద్రతో దొరకును. వ్రేళ్ళపై 200 జౌళ్ళ దెబ్బకు తాళునట్లు అవి పరీక్షింపబడును. వాని ముందుభాగము లావై గేరు క్రింద దూరదని కొందరి ఫిర్యాదు, అది నిజమే. కాని మన ప్రాంతమున విరివిగా నడుచు చిన్న బండ్లకు ముందు వెనుకల రెండు మొనలుగల గేరు మీట యుండును. వ్రేళ్ళతో ఎత్తకుండ మడమతో వెనుక మొనను నొక్కిన చాలును. చెప్పులవారి సౌకర్యమునకై నిలిచిన ఆ మీట బూట్లవారికిని పనికివచ్చుచున్నది. తాళ్ళ కొసలను మాత్రము లోనికి దోపవలెను. వ్రేలాడు ముడి మీటకు చిక్కినచో కాలు నేలకు దిగదు.

వానకాలమున గంబూట్లు తొడుగుకొని బండి నడుపువారు కలరు. గంబూటు నీటిని ఆపును గాని దెబ్బను ఆపదు, చీలమండను పట్టియుంచదు. అది పొలము హద్దువరకే మేలు.

మాటిమాటికి విడువవలసిన చిక్కునకు నాకు తోచిన మార్గ మొకటి. ప్రక్కన జిప్పు గల బూట్లు కొనుట, చెప్పులను సంచిలో వేసికొని పోవుట. నేడు జరుగుచున్నది దీనికి తలక్రిందులు: బూట్లు ఇంట భద్రముగా నుండును, చెప్పులు ప్రయాణము చేయును. గట్టు వద్ద దిగి చెప్పులు మార్చుకొనుటకు ఒక నిమిషము పట్టును. గుడికో పొలమునకో ఇట్లు చేయవచ్చును. వీధి చివరి కొట్టువరకు పోవుటకు ఇంత తతంగ మెవ్వరును చేయరు. అట్టి చిన్న దూరమునకు నడచిపోవుటయే నా సలహా.

చేతులకును దేహమునకును కావలసిన వస్త్రముల మాట కొంచెము చెప్పెదను. పడువాడు మొదట చేతులు చాచును. కావున తోలు చేతొడుగులు మంచివి, చవుకయు. గంటకు నలువది కిలోమీటర్ల వేగమున పడినవాడు సుమారు పది మీటర్లు జారును. పలుచని లుంగీయో, నూలు ప్యాంటో అంత దూరము నిలువదు. జాకెట్టు మేలుచేయునని పై పరిశోధనయే చెప్పినది. ఐతే ప్రమాదములలో జాకెట్లు, చేతొడుగులు నాలుగింట ఒకటికి పైగా చిరిగి విఫలమైనవని కూడ అదియే చెప్పినది. కనుక వెలను గాక కుట్టును చూడవలెను. మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరునపుడు దళసరి జాకెట్టుతో పొలము చుట్టు తిరుగుట మరొక ప్రమాదము. వడదెబ్బకు కన్నులు చీకట్లు క్రమ్మినవాడు బండి నెట్లు నడుపును? నిజామాబాదు, హైదరాబాదు రహదారులకు వల అల్లిక జాకెట్టు. ఊరి చుట్టు తిరుగుటకు దళసరి నూలుతో నిండు చేతుల చొక్కా. ఇది రాజీయే, కాని హెల్మెట్టు, బూట్ల విషయమున ఇట్టి రాజీ పనికిరాదు.

వెనుక కూర్చున్నవారిని మరువరాదు. కేంద్ర మోటారు వాహనముల నియమములలో 123వది, వెనుక చక్రము సగమునకు తక్కువ గాకుండ కప్పు సాధనము, చేతిపట్టు, పాదపీఠము ఉండవలెనని విధించినది. చీరకొంగు, చున్నీ చక్రమున చిక్కకుండుటకే ఈ యేర్పాటు. బండిని కడుగుటకు అడ్డమని దానిని విప్పి మూలబెట్టువారు కలరు! చక్రపు ఆకులలో మొదట దూరునది పసివాని మడమ. ఆ గాయము మానుటకు నెలలు పట్టుట కలదు. నాలుగేండ్లలోపు పిల్లలకు నడుపువానితో కలిపి కట్టు పట్టీయు, తగిన హెల్మెట్టును ఉండవలెననియు, వేగము 40 కిలోమీటర్లు మించరాదనియు 2022లో నియమము చేసినారు. మడమను కప్పు జోడు కూడ ఆ బిడ్డకు తొడిగింపవలెను. బడికి కొన్న బూటైనను చాలును. కుడివైపున వేడెక్కిన సైలెన్సరు ఉండును కనుక పిల్లలను ఎడమవైపుననే దింపవలెను.

అంగడిలో బూటు కొనునపుడు చేతితోనే పరీక్ష చేయవచ్చును. మడమను ఒక చేత, ముందుభాగమును మరొక చేత పట్టి పిండుడు. తడిగుడ్డవలె మెలితిరుగునది వద్దు. అరికాలి రెండు అంచులను ఇరుప్రక్కల నుండి అదుముడు. సులభముగా కుంచించుకొనిపోవునది పాదమును కాపాడజాలదు. తరువాత తొడుగుకొని మీ బండిపైననే కూర్చుండి, గేరును బ్రేకును నొక్కి చూచుకొనుడు. వానలో తడిసిన బూటును ఎండలోగాని పొయ్యి చెంతగాని పెట్టకుడు. తోలు బిరుసెక్కి పగులును. లోపల పాత వార్తాపత్రికలు కుక్కి నీడన ఉంచినచో కాగితము తేమను పీల్చుకొనును.