పరదేశంలో పండుగ పూట

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం చేరే దారిలో ముస్లిం కుటుంబాలు నివసించే వీధులు అనేకం ఉన్నాయి. ఆ వీధులలో జిద్దా, రియాద్, కువైట్, షార్జా అనే పేర్లు పక్క ఊళ్ళ పేర్లంత సులువుగా వినవస్తాయి. ఒక ఇంటి కొడుకు అక్కడ డ్రైవరు. మరొక ఇంటి అల్లుడు ఎలక్ట్రీషియను. ఇంకొక ఇంటి ఆడపడుచు భర్తతో కలిసి అమెరికాలో కాపురముంటున్నది. రమజాన్ నెల ముగింపుకు వచ్చేసరికి ఈ ఇళ్ళలోని పెద్దలందరి మనసులో ఒకే ఆలోచన: మనవాళ్ళు అక్కడ పండుగ ఎలా చేసుకుంటున్నారో!

మా వద్ద చదువుకొని గల్ఫ్ దేశాలకు వెళ్ళిన విద్యార్థులు ఏటా ఈద్ నాడు సలాము చెప్పడానికి ఫోను చేస్తారు. పండుగ ఎలా జరిగిందని అడిగితే చాలామంది చెప్పేది ఒకే మాట: "నమాజు చదివి గదికి వచ్చి పడుకున్నాం ఉస్తాద్, అంతే." ఆ 'అంతే' అన్న మాటలోని వెలితిని గురించే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఊరి బెంగ విశ్వాస లోపం కాదు

పరదేశంలో పండుగ పూట కన్నీరు వస్తే కొందరు దానిని బలహీనతగా భావిస్తారు. మక్కా నుండి మదీనాకు హిజ్రత్ చేసిన సహచరుల చరిత్ర చదివితే ఈ అపోహ తొలగిపోతుంది. హజ్రత్ బిలాల్ (రజి) మదీనాలో జ్వరంతో బాధపడుతున్నప్పుడు మక్కా లోయను, అక్కడి గడ్డిని, నీటిని, కొండలను తలచుకొని కవిత చదివేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఆయనను హింసించిన ఊరు కూడా అదే! అయినా మహాప్రవక్త (స) ఆ బెంగను తప్పుపట్టలేదు. మక్కా ఎంత ప్రియమైనదో మదీనాను కూడా అంత ప్రియమైనదిగా, అంతకన్నా ఎక్కువ ప్రియమైనదిగా చేయమని అల్లాహ్‌ను వేడుకున్నారు. పాత ఊరిని మరచిపోవాలని కాక, కొత్త ఊరు కూడా ప్రియం కావాలని ఆయన దుఆ చేశారు. ఇందులో మనకు గొప్ప పాఠం ఉన్నది.

మరొక సంఘటన ఇంకా మనోహరమైనది. ఒక ఈద్ నాడు అబిసీనియాకు చెందిన హబ్షీలు సాక్షాత్తు మస్జిదె నబవీలో తమ దేశపు పద్ధతిలో డాళ్ళతో, ఈటెలతో విన్యాసాలు చేశారు. ప్రవక్త (స) వారిని వారించకపోగా, హజ్రత్ ఆయిషా (రజి) తనివితీరా చూసేవరకు ఆమెకు అండగా నిలబడ్డారు. పరాయి గడ్డపై ఉన్నవారు తమ ఊరి వేడుకను పండుగ పూట ప్రదర్శించుకోవడానికి ఆ పవిత్ర మస్జిదులోనే చోటు దొరికింది. ధర్మానికి విరుద్ధం కానంతవరకు మన షీర్‌ఖుర్మా, మన ఇత్తరు, మన పిల్లల ఈదీ ఎక్కడికి వెళ్ళినా మన వెంట రావచ్చు.

రెండు ఊళ్ళు, రెండు నెలవంకలు

సౌదీలో పండుగ జరిగిన మరునాడు ఖమ్మంలో పండుగ జరగడం సాధారణం. దీనివల్ల కలిగే కలవరం కొత్తది కాదు. సిరియాలో నెలవంక చూసి మదీనాకు తిరిగివచ్చిన కురైబ్ తో, మదీనావారు తాము చూసిన నెలవంకనే అనుసరిస్తారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) స్పష్టం చేశారు. మనిషి ఎక్కడ ఉంటే అక్కడి ముస్లింలతో కలిసి ఉపవాసం ఉండాలి, వారితో కలిసి పండుగ జరుపుకోవాలి. నెల మధ్యలో సౌదీ నుండి ఊరికి వచ్చిన వ్యక్తికి ఇక్కడివారితో కలిసి ఉన్నందువల్ల 31 ఉపవాసాలు కావచ్చు. ఇక్కడి నుండి అక్కడికి వెళ్ళినవానికి 28 మాత్రమే అయితే, పండుగ తర్వాత ఒకటి పూర్తి చేసుకోవాలి.

ఫిత్రా విషయంలోనూ ఇటువంటి సందేహమే వస్తుంది. హనఫీ పద్ధతిలో గోధుమలైతే సుమారు 1.75 కిలోలు, ఖర్జూరమైతే దానికి రెట్టింపు తూకం. వెల కట్టి ఇచ్చేవాడు తన ఫిత్రాను తాను ఉన్న చోటి ధర ప్రకారం లెక్కించాలి, ఖమ్మం ధర ప్రకారం కాదు. ఆ సొమ్మును ఊరిలోని బంధువులలో పేదవారికి పంపవచ్చు. అది పండుగ నమాజుకు ముందే వారి చేతికి అందేటట్లు చూడాలి.

బక్రీద్ నాడు గల్ఫ్ నగరాలలో ఇంటి ముందు, వీధిలో పశువును జబహ్ చేయనివ్వరు. అధికారిక వధశాలకు వెళ్ళాలి. అందువల్ల అనేకులు ఖుర్బానీ బాధ్యతను ఊరిలోని అన్నదమ్ములకు అప్పగిస్తారు. ఇది ధర్మసమ్మతమే. అయితే అక్కడి తేదీ ఒక రోజు ముందుంటుంది కనుక, ఇక్కడ మూడవ రోజు వరకు ఆగకుండా మొదటి రెండు రోజులలోనే ఆ ఖుర్బానీ ముగించడం జాగ్రత్త.

ఒంటరివాడైన ఇంటి పెద్ద

2017 జూలై నుండి సౌదీ ప్రభుత్వం విదేశీ ఉద్యోగుల కుటుంబ సభ్యులపై రుసుము విధించింది. మొదట ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్ళుగా ఉన్న ఆ రుసుము ఏటా పెరిగి 2020 నాటికి 400కు చేరింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నవానికి అది నెలకు 1,600 రియాళ్ళు! చిన్న జీతగాడు భరించగల భారం కాదు. అనేక కుటుంబాలు స్వస్థలాలకు తిరిగివచ్చాయి. తండ్రి మాత్రం అక్కడే ఉండిపోయాడు.

ఇటువంటి ఇళ్ళలో పండుగ రెండు ముక్కలవుతుంది. తండ్రి ఈద్ జరుపుకునే నాడు పిల్లలు ఇంకా ఉపవాసంతో ఉంటారు. పిల్లలు కొత్త బట్టలు తొడిగే నాటికి తండ్రి డ్యూటీలో ఉంటాడు. అందుకే అక్కడ కుటుంబంతో ఉంటున్నవారికి మా విన్నపం: మీ పండుగ దస్తర్‌ఖాన్‌పై ఒంటరివాడైన ఒక సోదరునికి చోటు కల్పించండి. వెళ్ళి మీతో పాటు ఇంటికి తీసుకురండి. మదీనాలో అన్సార్లు ముహాజిర్లకు తలుపులు తెరిచినప్పుడు చుట్టరికం అడగలేదు. ఒక ఒంటరి మనిషికి వడ్డించిన పూట మీ ఇంటికి కూడా పండుగ కళ వస్తుంది.

పిల్లలకు ఏమి మిగులుతుంది?

పశ్చిమ దేశాలలో చింత మరో విధమైనది. అక్కడ ఈద్ సాధారణంగా పని దినమే. న్యూయార్క్ నగర ప్రభుత్వ పాఠశాలలకు రెండు ఈద్‌లను సెలవు దినాలుగా 2015లో ప్రకటించారు. అందుకు అక్కడి ముస్లిం కుటుంబాలు ఎన్నో ఏళ్ళు కోరవలసి వచ్చింది. ఇటువంటి సెలవు లేని చోట తల్లిదండ్రులు ముందుగానే పాఠశాలకు తెలిపి అనుమతి తీసుకోవాలి. "పరీక్ష ఉన్నది, ఈసారికి వద్దులే" అని రెండేళ్ళు అనుకుంటే, మూడవ ఏట బిడ్డ తానే పండుగను వద్దనుకుంటాడు.

స్త్రీలను, పిల్లలను ఈద్‌గాహ్‌కు తీసుకువెళ్ళే అలవాటు మన జిల్లాలో తక్కువ. స్త్రీలందరూ ఈద్‌గాహ్‌కు రావాలని, నమాజు చేయలేని స్థితిలో ఉన్నవారు సైతం పక్కన ఉండి దుఆలో పాలుపంచుకోవాలని ప్రవక్త (స) ఆదేశించినట్లు హజ్రత్ ఉమ్మె అతియ్యా (రజి) తెలిపారు. విదేశాలలో అనేక చోట్ల దీనికి తగిన ఏర్పాట్లు ఉన్నాయి. అక్కడివారు ఈ భాగ్యాన్ని వదులుకోరాదు. తల్లి చెయ్యి పట్టుకొని తక్బీర్ పలుకుతూ నడిచిన పిల్లవానికి ఈద్ అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు.

అడవి అంచు పల్లెల పాఠం

అల్పసంఖ్యలో ఉండి పండుగ చేసుకోవడం మన ప్రాంతానికి తెలియని విద్య కాదు. గోదావరి ఒడ్డున చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి పల్లెలలో రెండు మూడు ముస్లిం ఇళ్ళు మాత్రమే ఉన్న చోట్లున్నాయి. వారు తెల్లవారుజామునే లేచి పెద్ద ఊరికి వెళ్ళి జమాతుతో నమాజు చేస్తారు. తిరిగివచ్చి కోయ ఇళ్ళకు, ఇతర ఇరుగుపొరుగుకు సేమియా పంచుతారు. పరాయి దేశపు అపార్టుమెంటులో ఉంటున్న కుటుంబానికి కూడా ఈ రెండే చాలు: ఎంత దూరమైనా జమాతును చేరడం, ఎవరైనా సరే పొరుగువాని తలుపు తట్టి గిన్నె అందించడం.

ఇక ఊరిలో ఉన్నవారికి ఒక మాట. పండుగ పూట ఫోను చేసిన బిడ్డను "డబ్బు పంపావా?" అని అడగకముందు "నమాజుకు ఎవరితో వెళ్ళావు? ఎవరితో కలిసి తిన్నావు?" అని అడగండి. మీకోసం మరునాడు ఈద్ అయినా, అతని ఈద్ నాడే ముబారక్ చెప్పండి. అతడు పంపిన ఫిత్రా, ఖుర్బానీ ఎవరికి చేరినవో చెప్పండి. తన పండుగ తన ఊరిలో ఒక పేద ఇంటికి చేరిందని తెలిసిన మనిషి 'అంతే' అనడు.

దూరాన ఉన్న మన బిడ్డల ఆరాధనలను అల్లాహ్ స్వీకరించుగాక! వారిని క్షేమంగా తమవారి మధ్యకు చేర్చుగాక! ఆమీన్.