మూడు శాతం భయం

2024 వైఆర్4 అనే గ్రహశకలం 2032 డిసెంబరు 22న భూమిని ఢీకొనే అవకాశం 3.1 శాతమని 2025 ఫిబ్రవరి 18న నాసా లెక్కగట్టింది. ఇలాంటి వార్త వస్తే మన సంఘాల్లో అంత్యదినాల మాట మొదలవుతుంది. ఆకాశాన్ని ఇష్టంగా గమనించే ఔత్సాహికులు మాత్రం, కొత్త కొలతలు రానివ్వండి అంటారు. ఎందుకంటే, పది గదుల ఇంట్లో నాణెం పోయిందనుకుందాం. ఒక్కో గదీ వెదికి వదిలేసేకొద్దీ మిగిలిన గదులమీద, మన గదిమీద కూడా, అనుమానం పెరుగుతుంది. చివరికి పక్కగదిలో దొరికితే మన గదికి మిగిలేది సున్నాయే. శకలం దారీ అంతే. కొలతలు చేరేకొద్దీ అది వెళ్లగల మేర కుదించుకుపోతుంది. భూమి ఆ మేరలో ఉన్నంతకాలం శాతం పెరుగుతుంది. భూమి పక్కకు తప్పుకోగానే ఒక్కసారిగా పడిపోతుంది. ఫిబ్రవరి 24కల్లా అది 0.004 శాతమే. మొదటి వార్తకు భయపడిన మన పిల్లలకు ఈ సంఖ్య కూడా చెప్పాలి.